సొంతూళ్లో మూడు రోజులు ఉండి రావడం ఎలా?

సంక్రాంతికి నెల ముందు ఒకసారి, బడులకు వేసవి సెలవులిచ్చే ముందు ఇంకొకసారి, హైదరాబాదు, బెంగళూరు, చెన్నైలలో స్థిరపడిన మా జిల్లాల వాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "మా నాయన పుట్టిన ఊరికి పిల్లల్ని తీసుకెళ్లి మూడు రోజులు ఉండి రావాలనుకుంటున్నాం. ఎప్పుడు వెళ్లాలి, ఏం తీసుకెళ్లాలి, ఎలా మసలుకోవాలి?" విడివిడిగా చెప్పీ చెప్పీ చివరికి ఒకచోట రాసి పెడుతున్నాను. ఇది ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెలను దృష్టిలో పెట్టుకుని రాసింది. ఊళ్లో చిన్నాయనదో, మేనత్తదో, దూరపు బంధువుదో ఒక ఇల్లు మీకోసం తలుపు తెరిచే స్థితిలో ఉందనుకుని రాస్తున్నాను. స్నేహితుడి ఊరికి వెళ్లేవాళ్లకు 6, 9 అంశాలు తప్ప మిగతావన్నీ వర్తిస్తాయి.

ఒక మాట ముందే చెప్పాలి. పల్లెకు వచ్చిన చుట్టం బరువును మోసేది ఆ ఇంటి ఇల్లాలు. నీళ్లు పట్టేది, పొయ్యి వెలిగించేది, మీరు లేచేలోగా వాకిలి ఊడ్చి పాలు పితికి టీ పెట్టేది ఆమే, తొమ్మిదింటికల్లా కలుపుకో కోతకో వెళ్లవలసిందీ ఆమే. కింద చెప్పిన ప్రతి పనిలోనూ నేను చూసింది ఆమెకు చాకిరీ పెరుగుతుందా, తగ్గుతుందా అన్నదే.

కావలసినవి

- పది, ఇరవై, యాభై రూపాయల నోట్లు. ఊళ్లో కొట్టు గోడకు క్యూఆర్ కోడ్ అంటించే ఉంటుంది గానీ, సిగ్నల్ మిద్దె ఎక్కితేనే దొరికే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి.
- మడమ దగ్గర పట్టీ, మందపాటి అట్ట ఉన్న చెప్పులు లేదా బూట్లు. హవాయి చెప్పును సర్కారు తుమ్మ ముల్లు దూసుకుని నేరుగా పాదంలో దిగుతుంది.
- మనిషికొక టార్చిలైటు. ఫోన్ లైటు దీనికి బదులు కాదు. చీకట్లో నడిచేటప్పుడే ఫోన్ మోగుతుంది.
- రోజూ వేసుకునే మందులు ఐదు రోజులకు సరిపడా, ఓఆర్ఎస్ పొట్లాలు, జ్వరం మాత్రలు, దోమలకు రాసుకునే మందు.
- ముదురు రంగు బట్టలు, సొంత తువ్వాళ్లు, రెండు దుప్పట్లు. ఇంట్లో ఉన్న మంచి దుప్పటి మీకే ఇస్తారు. తాము ఏం కప్పుకున్నారో చెప్పరు.
- పండ్లు, ఒక మిఠాయి పొట్లం. నెల్లూరు మీదుగా వెళ్తుంటే మలై కాజాలు తీసుకోండి, పిల్లలూ పెద్దలూ ఇష్టంగా తింటారు.
- రెండు ఖాళీ సంచులు. ఎందుకో 10వ అంశంలో చెబుతాను.

బహుమతుల విషయంలో చాలామంది తప్పటడుగు వేస్తారు. గాజు బొమ్మలు, అలంకరణ సామగ్రి వద్దు. అవి అద్దాల బీరువాలోకి వెళ్లి దుమ్ము పట్టుకుంటాయి. ముసలివాళ్లకు మెత్తటి దుప్పటి, మోకాళ్ల నొప్పులకు రాసుకునే మందు, ఇల్లాలికి ఆమె పనికి కట్టుకోగల నూలు చీర, బడికి వెళ్లే పిల్లలకు మంచి పెన్నులు, జామెట్రీ పెట్టె తీసుకెళ్లండి. ఖరీదెంతో అన్న చీటీలు తీసేసి ఇవ్వండి.

1. పంటను చూసి తేదీ పెట్టుకోండి

మీకు సెలవు దొరికిన రోజు కాదు, ఊళ్లో వాళ్లకు తీరిక దొరికే రోజు చూసుకోవాలి. నెల్లూరు డెల్టాలో ప్రధానమైన వరి తొలకరి వానల పంట కాదు. ఈశాన్య రుతుపవనాలు తెచ్చే వానలతో, సోమశిల, కండలేరు జలాశయాల నీళ్లతో అక్టోబరు, నవంబరులలో నారు పోసి, మార్చి, ఏప్రిల్ ప్రాంతాల్లో కోస్తారు. ఆ తర్వాత ఎండల్లో నీళ్లుంటే వేసే పంటను ఎడగారు అంటారు. అందువల్ల కయ్యలు పచ్చగా కనిపించాలన్నా, ఇంట్లో వాళ్లు మీతో నాలుగు మాటలు మాట్లాడాలన్నా జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా అనువైన కాలం. సంక్రాంతికి వెళ్లవద్దని కాదు; ఆ నాలుగు రోజులూ ఇల్లు నిండిపోయి ఉంటుంది, రైళ్లలో చోటు ఉండదు, మీ పిల్లలు ఊరిని కాక బంధువుల పిల్లల ఫోన్లను చూసి వస్తారు.

ప్రకాశం జిల్లా పొగాకు పల్లెలకు మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి ప్రాంతాల్లో వర్జీనియా పొగాకు వేసే రైతులు జనవరి నుంచి మార్చి దాకా ఆకు కొట్టించి, కర్రలకు అల్లించి, బ్యారన్‌లో, అంటే ఆకును వేడితో ఆరబెట్టే కొట్టులో, ఎక్కించి క్యూరింగ్ చేస్తారు. ఒక బ్యారన్ నిండితే అయిదారు రోజులు రాత్రీ పగలూ మంట చూడాలి. వేడి హెచ్చినా తగ్గినా ఆకు రంగు చెడుతుంది, రంగు చెడితే వేలంలో ధర పడిపోతుంది. బ్యారన్ ముందు నులక మంచం వేసుకుని, కునుకు పట్టిన ప్రతిసారీ ఉలిక్కిపడి లేచి, చిన్న అద్దం కిటికీలోంచి లోపలి థర్మామీటరు మీద టార్చి వేసి చూసే మనిషిని మీరు చూసి ఉంటే, ఆ రోజుల్లో ఆ ఇంటికి చుట్టపుచూపుగా వెళ్లరు. ఒక పూట వెళ్లి చూసి రావచ్చు, బస చేయకూడదు.

వద్దనుకోవలసిన కాలాలు రెండు. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త వచ్చిన నవంబరు, డిసెంబరు రోజుల్లో ప్రయాణం వాయిదా వేయండి. వాగు పొంగితే ఊరికి వెళ్లలేరు, వెళ్లినవాళ్లు తిరిగి రాలేరు. మే చివర రోహిణి కార్తె మొదలయ్యాక చిన్నపిల్లలతో, ముసలివాళ్లతో వెళ్లకండి. మొహర్రం సమయంలో నెల్లూరులో రాత్రి ఆగి పొద్దున్నే ఊరికి వెళ్దామనుకునేవాళ్లు, బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు వచ్చే జనంతో లాడ్జీలన్నీ నిండిపోతాయని గుర్తుంచుకోండి.

2. ఫోన్‌లో అయిదు సంగతులు చెప్పండి

ఎంతమంది వస్తున్నారు, ఏ రోజు వస్తున్నారు, ఏ రోజు తిరిగి వెళ్తున్నారు, ఎవరు ఏం తినరు, దేనికోసం వస్తున్నారు. వీటిలో మూడోది చాలామంది చెప్పరు. "ఎన్నాళ్లుంటారు?" అని అడగడం మన పల్లెల్లో మర్యాద కాదు, మీరే చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు. అయిదోది ఎందుకు ముఖ్యమో 9లో వివరిస్తాను.

చేరే వేళను భోజనంతో ముడిపెట్టకండి. నేను ఒకసారి మధ్యాహ్నం పన్నెండుకల్లా వస్తామని చెప్పి, దారిలో ఆగి ఆగి నాలుగింటికి చేరాను. మేము దారిలోనే తినేశాం. పిన్నమ్మ మాత్రం కోడికూర, గారెలు చేసి, తెలతెల్లవారి తాగిన టీ తప్ప కడుపులో ఏమీ లేకుండా వసారాలో కూర్చుని ఉంది. చుట్టాలకు పెట్టకుండా తినడం ఆమెకు చేతకాదు. "దారిలో తిని సాయంత్రానికి వస్తాం, రాత్రికి మీరేం తింటే మాకూ అదే పెట్టండి" అని చెప్పడం నేర్చుకున్నది ఆ రోజు తర్వాతే.

3. దారిని మండలం పేరుతో వెతకండి

కొత్తపల్లి, కొత్తపాలెం, చింతలపాలెం లాంటి పేర్లున్న ఊళ్లు ఈ చుట్టుపక్కల ఎన్నో ఉంటాయి. ఊరి పేరొక్కటే కొట్టి మ్యాప్‌ను నమ్ముకుంటే వేరే మండలంలోని అదే పేరు ఊరి రచ్చబండ దగ్గర తేలతారు. జిల్లా పేరును కూడా నమ్ముకోవద్దు. 2022లో జిల్లాలను విడదీసినప్పుడు కందుకూరు నెల్లూరులోకి, అద్దంకి, చీరాల బాపట్లలోకి వెళ్లాయి, 2025 చివర కందుకూరు, అద్దంకి మళ్లీ ప్రకాశంలోకి వచ్చాయి గనుక పాత చిరునామాలు తికమక పెడతాయి. ఊరి పేరు, మండలం పేరు, పక్కనున్న పెద్ద ఊరి పేరు, ఈ మూడూ రాసుకోండి. బయలుదేరే ముందు ఊళ్లో వాళ్లను వాట్సాప్‌లో లొకేషన్ పంపమనండి. మ్యాప్‌లో మీరు వెతికినదీ అదీ ఒకటేనా అని పోల్చి చూడండి.

రైలులో వచ్చేవాళ్లకు తూర్పున గూడూరు, నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు స్టేషన్లున్నాయి. కందుకూరు వైపు వెళ్లాలంటే సింగరాయకొండలో దిగడమే దగ్గర. పడమటి వైపు వాళ్లకు గుంటూరు–గుంతకల్లు మార్గంలోని దొనకొండ, మార్కాపురం రోడ్, కంభం, గిద్దలూరు స్టేషన్లు అనువైనవి. ఇది తెలియక ఒంగోలులో దిగి వంద కిలోమీటర్లు వెనక్కి ప్రయాణం చేసేవాళ్లు ఉన్నారు. హైదరాబాదు నుంచి కారులో వస్తే నార్కట్‌పల్లి–అద్దంకి రహదారి మీదుగా మేదరమెట్ల దగ్గర జాతీయ రహదారిని అందుకోవచ్చు.

చివరి అంచె పల్లెవెలుగు బస్సు లేదా షేర్ ఆటో. ఆఖరి బస్సు ఎన్నింటికో డిపోలో కాక ఊళ్లో వాళ్లను అడగండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆంధ్రప్రదేశ్ మహిళలకు ఈ బస్సుల్లో టికెట్ లేదు. ఆధార్‌లో హైదరాబాదు చిరునామా ఉన్నవాళ్లు టికెట్ కొనవలసిందే, కండక్టరుతో వాదించి ప్రయోజనం లేదు. కారులో వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక: కోతల కాలంలో రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటారు. అది చట్టరీత్యా సరైనదా కాదా అన్న చర్చ తర్వాత చేసుకోవచ్చు. మీ చక్రాల కింద నలిగేది ఒకరి తిండిగింజ గనుక పక్కనుంచి నెమ్మదిగా పోనివ్వండి.

4. మొదటి గంట

చెప్పులు వాకిట్లో విడవండి. కాళ్లకు నీళ్లిస్తే మడమలు కూడా తడిసేలా కడుక్కుని లోపలికి రండి. తాగడానికి చెంబుతో నీళ్లిస్తే పెదవులు తగలకుండా ఎత్తి తాగడం పాతవాళ్ల అలవాటు. చేతకాకపోతే గ్లాసు అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు, ఒళ్లంతా పోసుకుంటే మాత్రం నవ్వుకుంటారు.

ఇంటికి వచ్చే ప్రతివాళ్లూ "ఎవరి తాలూకు?" అని అడుగుతారు. మీ ఉద్యోగం, కంపెనీ పేరు ఇక్కడ జవాబు కావు. "ఫలానావారి మనవడిని, ఫలానావారి రెండో అబ్బాయి కొడుకుని" అని తాతగారి పేరుతో మొదలుపెట్టండి. క్షణంలో మీ వంశవృక్షం వాళ్లే చెబుతారు. ఇంటిపేరు, తాతగారి పేరు, ఆయన అన్నదమ్ముల పేర్లు ముందే కాగితం మీద రాసి పిల్లలకు నేర్పించండి. పిల్లలు అందరినీ అంకుల్, ఆంటీ అని పిలవకుండా చిన్నాయన ఎవరో, మామ ఎవరో, అవ్వ ఎవరో వరస తెలుసుకుని పిలిచేలా చూడండి. వరస తప్పి బావను అన్నా అని పిలిస్తే మూడు రోజులూ అదే వేళాకోళం. "బాగుండారా?", "ఏంది సామీ, ఇన్నాళ్లకా?" అన్న యాసను పిల్లలు అనుకరించి నవ్వితే అక్కడికక్కడే ఆపండి.

5. నీళ్లు

పడమటి మెట్టలో, ముఖ్యంగా కనిగిరి చుట్టుపక్కల, ఉదయగిరి వైపు కొన్ని పల్లెల్లో భూగర్భ జలంలో ఫ్లోరైడు ఎక్కువ. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చని మన ప్రమాణాలు చెబుతున్నాయి. మూడు రోజులు తాగినంత మాత్రాన మీ ఎముకలు వంగిపోవు. ఆ జబ్బు ఏళ్ల తరబడి తాగినవాళ్లకు వచ్చేది. అయితే నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడు పోతుందన్న నమ్మకం తప్పు. కాచితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడు పోకపోగా, నీరు ఆవిరైన మేరకు చిక్కబడుతుంది. ఊళ్లో శుద్ధి చేసిన నీళ్ల ప్లాంటు ఉంటే మీరు వెళ్లిన రోజే ఇరవై లీటర్ల క్యాన్లు రెండు మీ డబ్బుతో మీరే మోసుకురండి. ఇంటివాళ్ల ముందు కడవలోని నీళ్లను పక్కకు నెట్టి సీసా తీయడం కంటే, అందరూ తాగేలా క్యాన్ తెచ్చి పెట్టడం మర్యాద.

స్నానానికి రెండు బకెట్లు అనుకోండి. వేసవిలో ట్యాంకరు వచ్చే ఊరైతే ఒకటే. పంపు ఏ వేళకు వస్తుందో అడిగి, ఆ వేళకు మీరూ ఒక బిందె పట్టుకుని నిలబడండి. మరుగుదొడ్డి దాదాపు అన్నిచోట్లా ఉంది, దాని తొట్టి నింపడం మాత్రం ఎవరో ఒకరి పని. చివరి చెంబు వాడినవాళ్లు నింపి బయటకు రావాలి.

6. ఏ గడప ముందు, ఏది తర్వాత

ఒక బంధువు ఇంట్లో కాఫీ తాగి ఇంకొకరి గుమ్మం ముందునుంచి అలా వెళ్లిపోతే ఆ మాట పదేళ్లు నిలుస్తుంది. మొదటి రాత్రే ఇంటివాళ్లను కూర్చోబెట్టి, వెళ్లవలసిన ఇళ్ల జాబితా వాళ్ల చేతనే చెప్పించుకోండి. మీరు రాని కాలంలో ఎవరైనా పోయిన ఇళ్లు ఉంటే ముందు అక్కడికి. పరామర్శకు మంగళ, శుక్రవారాలు పనికిరావనే ఇళ్లున్నాయి గనుక అడిగి వెళ్లండి. ఆ ఇంటినుంచి లేచేటప్పుడు "వెళ్లొస్తాను" అనకూడదు. ఏమీ అనకుండా లేచి రావాలి. మిగతా అన్ని ఇళ్లలోనూ "వెళ్తున్నాను" అనకూడదు, "వెళ్లొస్తాను" అనే తీరాలి. నగరంలో ఈ రెండూ ఒకటే అయిపోయాయి.

ప్రతి ఇంట్లో కాఫీ, ప్రతి ఇంట్లో పలహారం పెడతారు. అయిదో ఇంటికి వచ్చేసరికి కడుపు ఒప్పుకోదు. "వద్దు" అంటే పని జరగదు. "మజ్జిగ ఉంటే ఒక గుక్క ఇవ్వండి" అనండి. వాళ్లు ఇచ్చినట్టూ ఉంటుంది, మీరు తీసుకున్నట్టూ ఉంటుంది, పొయ్యి వెలిగించే పనీ తప్పుతుంది.

మీ తాతగారి పొలంలో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు ఊరికి ఆవలనున్న కాలనీలోనో, పాలెంలోనో ఉంటారు. జాబితాలో ఆ ఇళ్లు కనిపించవు. మీరే అడిగి చేర్చుకోండి. వెళ్లి, మంచం మీద కూర్చుని, వాళ్లిచ్చిన నీళ్లు తాగి రండి. మీ బంధువుల్లో ఒకరిద్దరికి ఇది నచ్చకపోవచ్చు, నచ్చకపోనివ్వండి. మీ తాత చిన్ననాటి సంగతులు ఆయన సొంతవాళ్ల కంటే వీళ్లకే బాగా గుర్తుంటాయని నా అనుభవం.

ఫొటోలు తీసే ముందు అడగండి. కూలిన గోడను, మసి పట్టిన వంటింటిని, నైటీలో ఉన్న ఆడవాళ్లను తీసి రీళ్లుగా పెట్టకండి. ఆ వీడియో సాయంత్రానికల్లా ఊళ్లో అందరి ఫోన్లలోకీ చేరుతుంది.

7. పొలానికి వెళ్లడం

పొద్దున ఆరున్నరకు వెళ్లి ఎండ ముదిరేలోగా, అంటే తొమ్మిదిన్నరకల్లా తిరిగి రండి. ఎప్పుడూ ఊరి మనిషి ముందు నడవాలి, పిల్లలు మధ్యలో, మీరు వెనక. గెనిమ (పొలం గట్టు) మీద నడిచేటప్పుడు పక్క కయ్యలోకి కాలు జారకుండా చూసుకోండి; నాటిన పది రోజుల పైరును తొక్కితే అక్కడ తిరిగి నాటించాలి. కంచెగా కట్టిన సన్నటి తీగను చేత్తో ముట్టుకోవద్దు. అడవి పందుల కోసం కొందరు దొంగచాటుగా కరెంటు పెడతారు, దానికి మనుషులూ బలైపోతున్నారు. చీకటి పడ్డాక పొలాల్లోకి అసలే వెళ్లకండి.

మోటారు దగ్గర నా సొంత పొరపాటు చెబుతాను. బావి గట్టు మీద, వేపచెట్టుకు బిగించిన రేకు పెట్టెలో స్టార్టరు ఉంది. ఆకుపచ్చ బొత్తాం, ఎర్ర బొత్తాం, పెట్టె తలుపుకు తాడుతో కట్టిన ఒక నూనె గుడ్డ. మా అబ్బాయి ఆకుపచ్చ బొత్తాం నొక్కితే నీళ్లు వస్తాయని నేనే చెప్పాను. వాడు నొక్కాడు, మోటారు మోగింది, మేమందరం కాలువ వైపు నీళ్ల కోసం చూస్తూ నిలబడ్డాం. బావిలో ఊట తగ్గి పైపు కొన గాలిలో తేలుతోందని చిన్నాయనకు తప్ప మాకెవరికీ తెలియదు, ఆయన అప్పుడు అక్కడ లేడు. కాలిన వాసన వచ్చేదాకా మేము అలాగే నిలబడ్డాం. చుట్లు మళ్లీ వేయించడానికి మోటారును పట్నానికి తీసుకెళ్లారు, నాలుగు రోజులు పైరుకు తడి లేదు. చిన్నాయన ఒక్క మాట కూడా అనలేదు, డబ్బు తీసుకోమంటే తీసుకోలేదు. కనుక స్టార్టరు, ట్రాక్టరు తాళం, మందు కొట్టే డబ్బా, ఈ మూడింటి జోలికి పిల్లల్నీ వెళ్లనివ్వకండి, మీరూ వెళ్లకండి.

బావుల్లో, చెరువుల్లో, పెన్నలో ఈత వద్దు. ఇసుక తీసిన గుంటలు పైకి కనిపించవు. మోకాటి లోతు నుంచి ఒక్క అడుగులో నిలువు లోతుకు దిగిపోతారు. పిల్లలు మారాం చేస్తే, మోటారు ఆడుతున్న వేళ పైపు కింద కూర్చోబెట్టండి.

చుట్టుపక్కల చూడదలిస్తే సీఎస్ పురం మండలంలోని భైరవకోనలో కొండను తొలిచి మలిచిన ఎనిమిది గుహాలయాలున్నాయి. మాలకొండ నరసింహస్వామి గుడి శనివారం తప్ప తెరవరు; మిగతా రోజుల్లో వెళ్లి మూసిన తలుపులు చూసి వచ్చేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

8. రాత్రి

నేల మీద పడుకోవద్దు. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందకు దోపి పడుకోండి. కట్లపాము రాత్రిపూట తిండి వెతుక్కుంటూ ఇళ్లలోకి వస్తుంది, నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలోనే కాటేస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. తెల్లవారుజామున కడుపు నొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే గాటు కోసం వెతుకుతూ కూర్చోకుండా ఆసుపత్రికి బయలుదేరాలి. మిద్దె మీద పడుకుంటే చల్లగా ఉంటుంది, పిట్టగోడ ఉందో లేదో పగలే చూసుకోండి.

పాము కరిస్తే తాడుతో బిగించి కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, మంత్రం వేయించే పేరుతో గంట పోగొట్టవద్దు, పాము వెంట పడవద్దు. కరిచిన కాలినో చేతినో కదలకుండా కర్ర ఆసరాతో ఉంచి, 108కు ఫోన్ చేయండి. అది ఆలస్యమైతే దొరికిన వాహనంలో, విషానికి విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ ఇంజెక్షను దగ్గరలో ఎక్కడ ఉంటుందో ఊరికి చేరిన రోజే అడిగి రాసి పెట్టుకోండి.

9. పొలం ఊసు

ఇక్కడ కాస్త నిలిచి చదవండి. వచ్చిన చుట్టరికాలు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. పాతికేళ్లుగా రానివాళ్లు ఊళ్లో దిగారంటే ఊరు ముందుగా అనుకునేది "పొలం అమ్మడానికి వచ్చారు" అని. మీ నాన్నగారి వాటాను చిన్నాయన కౌలుకో, ఊరికేనో సాగు చేసుకుంటూ ఉంటే ఆ అనుమానం ఆ ఇంట్లో భయంగా మారుతుంది. మీరు మామూలుగానే "ఇక్కడ ఎకరం ఎంత పలుకుతోంది?" అని అడుగుతారు, ఆ రాత్రి వాళ్లకు నిద్ర ఉండదు.

అందుకే ఫోన్‌లోనే "పిల్లలకు ఊరు చూపించడానికే వస్తున్నాం, మరే పనీ లేదు" అని స్పష్టంగా చెప్పండి, వచ్చాక ఆ మాట నిలుపుకోండి. ధర అడగవద్దు, హద్దులు కొలవవద్దు, పొలం గట్టు మీద నిలబడి ఫోన్‌లో లొకేషన్ గుర్తు పెట్టుకోవద్దు. నిజంగా భూమి పనే ఉంటే దానికి వేరే ప్రయాణం పెట్టుకోండి: భూమి రికార్డులైన అడంగల్, 1బీ ప్రభుత్వ మీభూమి సైటులోనే చూసుకుని, సర్వే నంబర్లు రాసుకుని, చిన్నాయనకు సంగతి ముందే చెప్పి, పిల్లలు లేకుండా వెళ్లండి. ఆ రెండు పనులూ ఒకే ప్రయాణంలో కలిపినవాళ్లలో రెండూ చక్కబెట్టుకున్నవాళ్లను నేను చూడలేదు.

వాళ్లే పొలం మాట ఎత్తితే తప్పించుకోకండి. "నాన్నతో మాట్లాడి చెబుతాను" అంటే చాలు; అక్కడికక్కడ మాట ఇవ్వవద్దు.

10. బయలుదేరడం

చెప్పిన రోజునే బయలుదేరండి. "ఇంకొక్క పూట" అని బతిమాలతారు. ఒకసారి ఒప్పుకుంటే మరుసటి పూటకు మళ్లీ కోడి తెగుతుంది.

ఇంటివాళ్ల చేతిలో డబ్బు పెట్టబోతే నొచ్చుకుంటారు. ముసలివాళ్ల కాళ్లకు దండం పెట్టి, పండ్లతో పాటు నోటు వాళ్ల చేతిలో పెట్టండి. పిల్లల చేతిలో "పుస్తకాలు కొనుక్కో" అని పెట్టండి. అది ఆనవాయితీ గనుక ఎవరూ కాదనరు. మీకు బొట్టు పెట్టి, రవిక గుడ్డ, తాంబూలం ఇస్తారు. ఆ పైన నిమ్మకాయలు, కందిపప్పు, కొత్త బియ్యం, ఆవకాయ మొదలవుతాయి. ఖాళీ సంచులు అందుకే. "మాకు అక్కడ దొరుకుతాయి" అన్న మాట నోటినుంచి రానివ్వకండి. బరువెక్కువైతే బియ్యం తగ్గించమని అడగండి, ఊరగాయ మాత్రం వద్దనకండి. సీసా మూతకు కింద పాలిథిన్ కాగితం వేసి బిగించి, నిలువుగా పెట్టుకోండి. కారు డిక్కీలో ఒరిగిన ఆవకాయ నూనె మరక మరి పోదు.

సరిగ్గా జరిగిందో లేదో తెలుసుకోవడం

"మళ్లీ ఎప్పుడొస్తారు?" అన్న మాటను లెక్కలోకి తీసుకోకండి, అది అందరినీ అడిగేదే. చూడవలసినవి వేరు.

మూడో రోజు కంచంలోకి చూడండి. మొదటి రోజు కోడికూర, రెండో రోజు చేపల పులుసు సహజం. మూడో రోజున సంకటి, పప్పుచారు, నంజుకోవడానికి పచ్చిమిరపకాయ వచ్చిందంటే మిమ్మల్ని చుట్టాల్లోంచి తీసి ఇంట్లోవాళ్లలో కలిపారు. మూడో రోజు కూడా కోడే కోస్తుంటే మీరింకా బరువుగానే ఉన్నారు. తర్వాతిసారి మొదటి పూటే వంటింటి గడప దగ్గర కూర్చుని ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టండి.

ప్లాస్టిక్ కుర్చీ ఎవరిదో చూడండి. మీరు రాగానే దుమ్ము దులిపి మీకే వేసేవాళ్లు, రెండో రోజుకల్లా మిమ్మల్ని మంచం అంచున సర్దుకోమని దానిలో తాము కూర్చుంటే మంచిదే. మీకు ఏదైనా పని చెప్పారా? "ఆ దూడను కట్టెయ్యి", "కొట్టుకెళ్లి చక్కెర పట్టుకురా" అన్నది ఒక్కసారైనా వినిపించిందా?

చివరిది రెండు మూడు నెలలకు గానీ తెలియదు. అవ్వ కంటి ఆపరేషనుకో, పిల్లవాడి కౌన్సెలింగ్‌కో నగరానికి రావలసి వచ్చినప్పుడు వాళ్లు లాడ్జి వెతుక్కున్నారా, మీకు ఫోన్ చేశారా అన్నది. చేస్తే, ఎన్నాళ్లుంటారని అడగకుండా, ఏ బస్సుకు వస్తున్నారో మాత్రం అడిగి, స్టాండు దగ్గరికి మీరే వెళ్లండి. చేతిలో మళ్లీ ఒక బియ్యం మూట ఉంటుంది.